నిమిషానికి మూడు అలలు

అరగని బాధలన్నిటికీ మనం పెట్టుకున్న ఒకే ఒక్క పేరు ‘గ్యాస్’. దానికో మాత్ర, ఆ మాత్రకు తోడు ఇంకో మాత్ర. ఇంతకీ ఈ మందులు మన కడుపు కండరాలతో ఏం చేయిస్తున్నాయి?

పురుగుమందు కేసు వచ్చిందంటే ఎమర్జెన్సీలో హౌస్ సర్జన్ స్టెతస్కోపు ముందు ఛాతీకి ఆనిస్తాడు. ఆ తర్వాత బొడ్డు పక్కకు జరుపుతాడు. చుట్టూ నిలబడ్డ బంధువులకు అది అర్థం కాదు. గుండె చూడాల్సినవాడు పొట్ట వింటాడేంటని మొహమొహాలు చూసుకుంటారు.

మంచం మీద ఉన్నది పత్తిచేలో ఎదురుగాలికి మందు కొట్టి కుప్పకూలిన రైతు అనుకోండి. నోటి వెంట చొంగ, కళ్ల వెంట నీళ్లు, ఒంటినిండా చెమట, ఆగని వాంతులు, విరేచనాలు. కంటిపాప గుండుసూది మొనంతకు ముడుచుకుపోయి ఉంటుంది. పొట్ట మీద చెవి పెడితే లోపల తుపాను. ట్రేలో అట్రోపిన్ ఆంపూళ్లు టక్కుటక్కున విరుగుతుంటాయి. ఐదు నిమిషాలకోసారి చూసి, లొంగకపోతే డోసు రెట్టింపు చేస్తారు. ఊపిరితిత్తుల్లో గురగుర పోయిందా, చంకలు ఆరాయా, నాడి పుంజుకుందా అని చూస్తూ మధ్యమధ్య పొట్ట దగ్గరికి వస్తారు. మందు ఎక్కేకొద్దీ ఆ గోల సన్నగిల్లుతుంది. మరీ ఎక్కితే పేగులు చడీచప్పుడు లేకుండా పడుకుంటాయి. పొట్ట మూగబోయి, ఒళ్లు కాలిపోతూ, మనిషి గాల్లో లేనిదేదో పట్టుకోబోతుంటే అట్రోపిన్ మోతాదు మించిందని లెక్క. కాసేపు ఆపి, తగ్గించి, మళ్లీ మొదలుపెడతారు.

కడుపూ పేగులూ ఎంతగా కండరాలో చూడాలంటే ఈ మంచం పక్కన నిలబడితే చాలు. నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఊరితే కండ ముడుచుకుంటుంది. పని కాగానే దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి పక్కనే కాపలా ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఆ కాపలాదారు చేతులు కట్టేస్తుంది. రసాయనం పోగుపడిపోయి కండకు తీరికన్నదే లేకుండా పోతుంది. అట్రోపిన్ వచ్చి, ఆ రసాయనం కూర్చోవాల్సిన పీట మీద తాను కూర్చుంటుంది. ఉమ్మెత్తకాయలో ఉండేవి కూడా అట్రోపిన్, దాని దాయాదులే. ఉమ్మెత్త తిన్నవాడికి నోరెండిపోవడం, చూపు మసకబారడం, పిచ్చిమాటలు ఊళ్లో అందరూ ఎరిగినవే. వాడి పేగులు కూడా ఆ పూట పని మానేస్తాయన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు.

ఆ అట్రోపిన్ తమ్ముళ్లు మన ఇళ్లలోనే కాపురం ఉంటున్నారు. నెలసరి నొప్పికి వేసుకునే మెఫ్తాల్ స్పాస్‌లోని డైసైక్లోమిన్ ఒకడు. కడుపు మెలిపెట్టినప్పుడు ఇచ్చే బుస్కోపాన్, అంటే హయోసిన్, ఇంకొకడు. బిగుసుకున్న పేగును వదులు చేసి నొప్పి తీర్చడం వాళ్ల పని. ఆ పనిలో పనిగా కడుపును కూడా కాస్త మందగింపజేస్తారు. ‘నొప్పి పోయింది గానీ అన్నం సహించట్లేదు’ అని మర్నాడు చెప్పే మాటలో ఇదీ ఒక పాలు కావచ్చు.

రుబ్బురోలు, దాని తలుపు

కడుపంటే మన ఊహలో ఆమ్లం కాగే కుండ. టీవీ ప్రకటనల పుణ్యమా అని ఎర్రగా మండే పొట్ట, దాని మీద పోసే చల్లటి ద్రవం మన కళ్లకు కట్టిపోయాయి. అసలు సంగతి చూస్తే అది మూడు వరసల కండతో కుట్టిన సంచి. పై భాగానికి పనల్లా వదులవడమే. ముద్ద దిగుతుండగానే సాగి చోటిస్తుంది. నాలుగు ముద్దలకే పొట్ట బిర్రుగా అయిపోయిందనేవాళ్లలో కొందరికి ఈ సాగడమే సరిగా ఉండదు. అలాంటివాళ్లకు ఆమ్లం తగ్గించే మాత్రలు ఎన్ని వేసినా తిప్పలు తప్పవు.

కింది భాగం రుబ్బురోలు. అక్కడ నిమిషానికి మూడుసార్లు అల పుట్టి కిందికి జారుతుంది. గుండెకు తాళం వేసే కణాలున్నట్టే దీనికీ ఉన్నాయి. వాటికి స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ పేరు పెట్టారు. నాడీమండలం అల్లికను బొమ్మలు గీసి చూపించినందుకు 1906లో నోబెల్ అందుకున్న మనిషే ఆయన. కడుపు దాటి చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలో అడుగుపెట్టగానే తాళం మారిపోతుంది, నిమిషానికి 12 దాకా. రెంటి మధ్యా పైలోరస్ అనే కండర తలుపు. ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే పెద్ద తునక వస్తే అది దారివ్వదు. వెనక్కి నెడుతుంది, మళ్లీ రుబ్బాల్సిందే.

మంచినీళ్లయితే సగం ఓ 20 నిమిషాల్లో దాటేస్తాయి. గట్టి తిండికి రెండు నుంచి నాలుగు గంటలు. నెయ్యీ నూనే దండిగా ఉంటే ఇంకా ఆలస్యం, ఎందుకంటే కొవ్వు తగలగానే ఆంత్రమూలం ‘కాస్త ఆగు’ అని పైకి హార్మోన్లతో కబురు పంపుతుంది. మధ్యాహ్నం తిన్న పెళ్లి బిర్యానీ సాయంత్రం తేన్పులో పలకరించడం అందుకే.

తిండి మొత్తం దాటిపోయాక కడుపు ఖాళీగా కూర్చుంటుందనుకుంటాం. కూర్చోదు. 90 నుంచి 120 నిమిషాలకోసారి చీపురు పట్టుకుంటుంది. గట్టి అలల దండు ఒకటి కడుపులో బయల్దేరి చిన్నపేగు చివరిదాకా ఊడ్చుకుంటూ పోతుంది. మింగేసిన గింజలు, రుబ్బుడుపడని పీచు, ఇంతకుముందు తలుపు దాటలేని పెద్ద తునకలు అప్పుడే బయటపడతాయి. ఈ ఊడ్పును 1969లో అమెరికా శాస్త్రవేత్త షుర్జెవ్‌స్కీ కుక్కల మీద కొలిచి చూపించాడు. మనవాళ్లు కొలవలేదు గానీ పేరు ముందే పెట్టారు: ‘ఆకలికి పేగులు అరుస్తున్నాయి.’ ఆ అరుపు చాలామటుకు ఈ చీపురు చప్పుడే. గంటకోసారి టీ, టీలోకి బిస్కెట్, మధ్యలో గుప్పెడు మిక్స్చర్ తినే ఆఫీసు అలవాటులో చీపురు చేతికందే సమయమే ఉండదు. నోట్లో పడ్డ ప్రతిసారీ ఊడ్పు ఆగి మళ్లీ రుబ్బుడు మొదలవుతుంది.

కడుపు కదలికను ఎక్స్‌రేలో కూర్చుని చూసిన తొలివాళ్లలో ఒకడు హార్వర్డ్ వైద్య విద్యార్థి వాల్టర్ కానన్. పిల్లులకు బిస్మత్ కలిపిన తిండి పెట్టి, తెర మీద ఆ అలలు చూస్తూ గంటలు గడిపాడు. పిల్లి హాయిగా గురగురలాడుతున్నంతసేపూ అలలు తప్పకుండా నడిచేవి. దానికి భయమో కోపమో వచ్చిందా, తెర మీద కడుపు ఠక్కున నిలిచిపోయేది. 1898లో అచ్చయిన ఆ పరిశీలనను పరీక్షహాలు బయట నిలబడి టిఫిన్ వద్దనే ఏ ఇంటర్ విద్యార్థయినా ఒప్పుకుంటాడు.

ఒక గుప్పెడు మట్టి

1949లో ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ప్రాంతం నుంచి అబెలార్డో అగిలార్ అనే వైద్యుడు కాస్త మట్టిని తాను పనిచేసే ఎలీ లిల్లీ కంపెనీకి పంపాడు. ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసినదే ఎరిత్రోమైసిన్. 1952లో బజారుకొచ్చింది. ఊరి పేరు కలిసేలా దానికి ఇలోటైసిన్ అని పేరు పెట్టారు. గొంతు నొప్పికీ న్యుమోనియాకూ బాగా పనిచేసింది. ఒక్కటే ఇబ్బంది. వేసుకున్నవాళ్లు కడుపులో మెలిపెడుతోందని, వాంతి వస్తోందని గోల పెట్టేవారు. ముప్ఫయ్యేళ్లకు పైగా అది సైడ్ ఎఫెక్టుల జాబితాలో ఒక వరసగా పడి ఉంది.

1984లో జపాన్‌కు చెందిన ఇతో బృందం కుక్కల్లో చూసింది ఏమిటంటే, ఈ మందు తక్కువ మోతాదులో ఇస్తే, ఇందాక చెప్పిన చీపురు దండు అచ్చం అలాగే బయల్దేరుతోంది. ఆకలిగా ఉన్నప్పుడు ఆంత్రమూలం గోడ నుంచి మోటిలిన్ అనే హార్మోన్ ఊరి ఆ ఊడ్పును మొదలుపెట్టిస్తుంది. ఎరిత్రోమైసిన్ ఆ హార్మోన్ తాళంచెవిలానే తాళంలో తిరుగుతోందన్నమాట. 1990లో బెల్జియంలోని లూవెన్ వైద్యులు, షుగరు వల్ల కడుపు దాదాపు నిలిచిపోయిన రోగులకు దీన్ని నరానికి ఎక్కించి చూశారు. గంటల తరబడి కదలని భోజనం గబగబా కిందికి దిగింది.

కోవిడ్ రోజుల్లో ఇంటింటా మింగిన అజిత్రోమైసిన్ దీని తోబుట్టువే. మూడో మాత్రకల్లా ‘కడుపంతా తిప్పేస్తోంది’ అన్నవాళ్లు మన చుట్టాల్లో ఎంతమంది! అది కడుపు చెడిపోవడం అనుకున్నారు, పెరుగన్నం తిన్నారు. చెడింది కడుపు కాదు, వేళకాని వేళ ఎవరో చీపురు పట్టుకున్నారంతే. ఆసుపత్రుల్లో ఈ గుణాన్ని ఇప్పుడు కావాలనే వాడుకుంటున్నారు. రక్తవాంతులతో వచ్చిన మనిషికి ఎండోస్కోపీకి ముందు 250 మిల్లీగ్రాముల ఎరిత్రోమైసిన్ నరంలోకి ఇస్తే కడుపులో గడ్డకట్టిన రక్తం కిందికి జారిపోయి, కారుతున్న చోటు డాక్టరుకు కనిపిస్తుంది. రోజూ వేసుకుంటే మాత్రం కొన్ని వారాల్లోనే కడుపు దీన్ని లెక్కచేయడం మానేస్తుంది.

పెద్దమ్మ బిస్కెట్ డబ్బా

తెనాలిలో మా పెద్దమ్మ మందులన్నీ ఒక పాత బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. రేకు డబ్బా, మూత మీద గులాబీలు. ఆవిడకు 68 ఏళ్లు, పాతికేళ్లుగా షుగరు. ‘నాలుగు ముద్దలు తింటే చాలు, మెడదాకా వస్తోంది’ అంటే ఎవరో గ్యాస్ మాత్ర రాశారు. ఆమ్లం తగ్గించే రబిప్రజోల్, దాంతో కలిపి లెవోసల్పిరైడ్. నెలకని రాసిన చీటీ మందుల షాపులో ఏడాది చెల్లింది. తప్పు షాపుదా, మాదా అని ఇప్పుడు తవ్వి లాభం లేదు. మాత్ర బాగానే పనిచేసింది, అదే చిక్కు. పనిచేస్తున్న మందును ఎవరు ఆపుతారు?

ఎనిమిదో నెలలోనో తొమ్మిదో నెలలోనో కాఫీ గ్లాసు వణకడం మొదలైంది. డబరాలో ఒలికిన కాఫీని గ్లాసులోకి ఒంపుకోబోతే ఇంకాస్త ఒలికేది. అడుగులు చిన్నవయ్యాయి. మొహంలో నవ్వు తగ్గింది. మేం వయసనుకున్నాం, పెదనాన్న పోయిన దిగులనుకున్నాం. చూపిస్తే పార్కిన్సన్స్ అన్నారు. లెవోడోపా మొదలైంది. దాంతో కడుపులో తిప్పుతోందంటే డొంపెరిడోన్ వచ్చింది. అప్పటికే అరికాళ్ల మంటలకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ ఉంది, మోకాళ్లకు ట్రమడాల్ ఉంది. డబ్బా మూత పట్టడం మానేసింది.

ఇక్కడ డోపమైన్ అనే రసాయనం గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. కడుపు దగ్గర అది బ్రేకు. అసిటైల్‌కోలిన్ ఎక్కువ ఊరకుండా ఆపుతుంది, అలలను మందగింపజేస్తుంది. మెదడులో అదే డోపమైన్ మన నడకను, చేతి కదలికను, మొహంలోని నవ్వును నడిపిస్తుంది. అక్కడ అది తగ్గితే పార్కిన్సన్స్. కడుపులో బ్రేకు తీసేయాలని ఇచ్చిన లెవోసల్పిరైడ్ లాంటి మందు మెదడులోకి కూడా వెళ్లిందనుకోండి, అక్కడ నడిపించేవాడినే దించేస్తుంది.

ఈ తంటా మొదటి నుంచీ ఉన్నదే. గుండె మందు ప్రొకైనమైడ్‌ను మార్చి చూస్తున్న ఫ్రెంచి రసాయనవేత్తల చేతుల్లో మెటోక్లోప్రమైడ్ పుట్టింది. 1964లో దాని సంగతి లోకానికి తెలిసింది. మన దగ్గర పెరినార్మ్ అంటే నర్సమ్మలందరికీ తెలుసు. వాంతులు కడతాయి, కడుపు కదులుతుంది. కానీ కొందరికి, ముఖ్యంగా పిల్లలకీ పడుచువాళ్లకీ, ఇంజెక్షన్ చేసిన కొన్ని గంటల్లోనే మెడ ఒక పక్కకు మెలితిరిగిపోతుంది, కళ్లు పైకి తేలిపోతాయి, దవడ బిగుసుకుంటుంది. చూసినవాళ్లు ఫిట్స్ అనుకుంటారు, ఊళ్లో గాలి సోకిందంటారు. తెలిసిన డాక్టరయితే ఫెనర్గాన్ లాంటి ఒక్క సూది వేస్తే నిమిషాల్లో సర్దుకుంటుంది. నెలల తరబడి వాడితే వచ్చే మూతి, నాలుక అదురు మాత్రం కొందరిలో మందు ఆపినా పోదు. 2009లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిమీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. 2013లో ఐరోపా అయిదు రోజులకు మించి వద్దంది.

డొంపెరిడోన్ మెదడులోకి అంతగా వెళ్లదు. బెల్జియంలో పాల్ జాన్సెన్ కంపెనీ దాన్ని తయారుచేసినప్పుడు ఇదే దాని గొప్ప. పార్కిన్సన్స్ రోగుల వికారానికి దాన్నే ఇవ్వడం ఇందుకే. అయితే దాని చిక్కు గుండె దగ్గర. హృదయ స్పందనలోని విద్యుత్ విరామాన్ని సాగదీసి, అరుదుగా లయ తప్పించగలదు. 2014లో ఐరోపా పెద్దవాళ్లకు రోజుకు 30 మిల్లీగ్రాములు, మామూలుగా వారం రోజులు అని గీత గీసింది. అమెరికాలో దానికి అసలు అనుమతే లేదు. మన పాన్-డి స్ట్రిప్పు ఒక్కటి తీసి వెనక చదవండి: పాంటోప్రజోల్ 40, డొంపెరిడోన్ 30, మెల్లగా విడుదలయ్యేలా. ఐరోపావాడి రోజువారీ హద్దు మొత్తం ఒక్క గొట్టం మాత్రలో ఉంది. మనం దాన్ని ‘పరగడుపున ఒకటి’ అని ఏళ్లకేళ్లు మింగుతున్నాం. అందరికీ ఏదో అయిపోతుందని కాదు. 60 దాటినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, ఫంగస్‌కు ఫ్లూకోనజోల్ రకం మాత్రలో క్లారిత్రోమైసినో కలిపి వాడేవాళ్లు మాత్రం దీన్ని చాక్లెట్టులా చూడకూడదు. ఇదే విద్యుత్ లోపం వల్ల సిసాప్రైడ్ అనే మందు 2000లో అమెరికా బజారు నుంచి తప్పుకుంది. మన ప్రభుత్వం 2011లో నిషేధించింది. అది వాడిన రోజుల్లో కడుపుకు అంత బాగా పనిచేసే మందు ఇంకోటి లేదని పాత డాక్టర్లు ఇప్పటికీ అంటుంటారు.

డోపమైన్‌కు ఇంకో పని కూడా ఉంది, పాలు పట్టించే హార్మోన్‌ను అదుపులో ఉంచడం. ఆ అదుపు పోతే పసిపిల్ల లేని ఆడవాళ్లకూ రొమ్ముల్లో పాలు వస్తాయి, నెలసరి తప్పుతుంది. గ్యాస్ మాత్ర వేసుకున్న అమ్మాయి ఈ మాట సిగ్గుపడి ఇంట్లో చెప్పదు, స్కానింగుల చుట్టూ తిరుగుతుంది. తల్లిపాలు చాలనివాళ్లకు కొందరు డొంపెరిడోన్ ఇచ్చేదీ ఈ గుణం చూసే. 2004లో ఎఫ్‌డీఏ అలా వాడొద్దని హెచ్చరించింది.

పెద్దమ్మ కథ ఒక కుర్ర డాక్టరు దగ్గర మలుపు తిరిగింది. అతను స్కాన్లు చూడలేదు. ‘అమ్మా, ఆ డబ్బా ఇలా ఇవ్వండి’ అని తీసుకుని టేబుల్ మీద బోర్లించాడు. స్ట్రిప్పులన్నీ మూడు కుప్పలు పోశాడు. ‘ఇవి కడుపును పరుగెత్తించేవి. ఇవి పడుకోబెట్టేవి. వీటికి కడుపుతో పనిలేదు.’ మొదటి కుప్పలో లెవోసల్పిరైడ్, డొంపెరిడోన్. రెండో కుప్పలో ట్రమడాల్, అమిట్రిప్టిలిన్, ఎప్పుడో కడుపునొప్పికి కొని అలవాటుగా మిగిలిన డైసైక్లోమిన్. ట్రమడాల్ నల్లమందు తీరు మందు. ఆ జాతి మందులన్నీ కడుపు అలలను నెమ్మదింపజేస్తాయి, పైలోరస్ తలుపును బిగిస్తాయి. అమిట్రిప్టిలిన్‌కు అట్రోపిన్ గుణం కొంత ఉంది. ‘ఒక కాలితో యాక్సిలరేటరు, ఇంకో కాలితో బ్రేకు తొక్కుతున్నాం. మధ్యలో బండి ఊగుతోంది’ అన్నాడు. పెద్దమ్మ ఒలుకుతున్న కాఫీ వంక చూసింది.

లెవోసల్పిరైడ్ ఆపారు. ట్రమడాల్‌ను మెల్లగా తగ్గించారు. మూడు నెలలకు గ్లాసు నిలబడింది. ఆ తర్వాత లెవోడోపా కూడా డాక్టరే దశలవారీగా మాన్పించాడు. అందరిలోనూ ఇంత శుభ్రంగా వెనక్కి రాదు, అసలు జబ్బు లోపల మొదలై మందు వల్ల ముందే బయటపడినవాళ్లూ ఉంటారు. ఇది చదివి మీ ఇంటి డబ్బాను మీరే కుప్పలు పోసుకోకండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే అదో ప్రమాదం.

ఇడ్లీకి కెమెరా

పెద్దమ్మకు మొదట మెడదాకా ఎందుకొచ్చింది? షుగరు ఏళ్ల తరబడి ఉంటే కడుపుకు వెళ్లే వేగస్ నరం, కహాల్ కణాలు దెబ్బతింటాయి. 1958లోనే అమెరికాలో దీనికి గ్యాస్ట్రోపెరిసిస్ డయాబెటికోరమ్ అని పేరు పెట్టారు. కడుపు అర పక్షవాతం అనుకోవచ్చు. దీని దొంగదెబ్బ వేరే చోట తగులుతుంది. భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుంటారు, అది టైముకు పని మొదలుపెడుతుంది. అన్నం కడుపులోనే ఉండిపోతుంది. తిన్న గంటకే షుగరు పడిపోయి చెమటలు, నాలుగు గంటలకు ఆకాశానికి. ‘తిన్నాను కదా, ఎలా పడింది’ అని మనిషి అయోమయం. అప్పటికప్పుడు రక్తంలో చక్కెర బాగా పెరిగినా కడుపు మందగిస్తుంది, కాబట్టి ఇదో విషవలయం.

కడుపు ఎంత మెల్లగా ఖాళీ అవుతోందో కొలవడానికి ఉన్న పరీక్షలో గుడ్డు తెల్లసొన, రెండు బ్రెడ్డు ముక్కలు, జామ్ పెడతారు. గుడ్డులో కొద్దిగా టెక్నీషియమ్ కలుపుతారు. నాలుగు గంటల పాటు గామా కెమెరా ముందు ఫొటోలు తీస్తారు. నాలుగో గంటకు పదిశాతం కంటే ఎక్కువ మిగిలితే ఆలస్యమని తేలుస్తారు. గుడ్డు ముట్టనివాళ్ల కోసం మన దక్షిణాదిలో ఇడ్లీతో ఈ పరీక్ష చేసిన వైద్యులూ ఉన్నారు. రెండు ఇడ్లీలు ప్లేటులో తినడం అందరం చూశాం, కడుపులో కరగడం చూసినవాళ్లు వాళ్లు. ఈ పరీక్షకు ముందు ఇందాకటి రెండు కుప్పల మందులూ ఆపమంటారు. లేకపోతే తేలేది కడుపు తీరు కాదు, మాత్రల తీరు.

కడుపు వేగం మిగతా మందుల జాతకాన్ని కూడా రాస్తుంది. పారాసెటమాల్ కడుపులో పెద్దగా ఇంకదు, చిన్నపేగుకు చేరాకే రక్తంలోకి పోతుంది. 1973లో బ్రిటన్ వైద్యులు దీన్ని తేల్చారు. మెటోక్లోప్రమైడ్ ఇస్తే పారాసెటమాల్ రక్తంలోకి ముందే వచ్చింది, అట్రోపిన్ తరహా మందు ఇస్తే వెనకబడింది. మైగ్రేన్ వచ్చినప్పుడు మింగిన మాత్ర గంటైనా పనిచేయలేదంటే, అది ఇంకా కడుపు గుమ్మంలోనే ఉండి ఉండొచ్చు. పాంటోప్రజోల్ లాంటి పైపూత మాత్రలైతే గుమ్మం దాటేదాకా కరగవు. అన్నంతో పాటు మింగితే ఆ గట్టి మాత్రను తలుపు వదలదు, చీపురు వచ్చేదాకా కూర్చోవాల్సిందే. ‘టిఫిన్‌కు అరగంట ముందు’ అని చీటీ మీద రాసేది ఊరికే కాదు.

సన్నబడే సూది

ఈ కథకు ఇప్పుడు కొత్త అంకం. అమెరికా ఎడారిలో తిరిగే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో జాన్ ఎంగ్ అనే పరిశోధకుడు 1992లో ఒక హార్మోన్‌ను పట్టుకున్నాడు. అది మన పేగుల్లో ఊరే జీఎల్‌పీ-1ను పోలి ఉంది. దాన్నుంచి వచ్చిన మందుకు 2005లో అనుమతి వచ్చింది. ఆ వంశంలోనివే నేటి సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలో దిగాయి. సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు 2026 మార్చి అని లెక్కేసుకుని హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ సహా చాలా కంపెనీలు తమ రకాలకు సిద్ధమయ్యాయి. జూబ్లీహిల్స్ జిమ్ముల్లో మొదలైన మాట విజయవాడ పెళ్లిళ్లదాకా వచ్చేసింది.

ఇవి ఆకలిని ప్రధానంగా మెదడులో తగ్గిస్తాయి. దాంతోపాటు కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి. ఈ మందగింపు మొదటి వారాల్లో, డోసు పెంచినప్పుడల్లా ఎక్కువ, పోనుపోనూ తగ్గుతుంది. వికారం, పుల్లటి తేన్పులు, నిన్నటి కూర వాసన ఈపూట నోట్లోకి రావడం ఆ రోజులవే. టిర్జెపటైడ్ వాడే ఆడవాళ్లకు కంపెనీ చీటీలోనే ఒక హెచ్చరిక ఉంటుంది: మొదలుపెట్టిన 4 వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో 4 వారాలు గర్భనిరోధక మాత్ర ఒక్కదాన్నే నమ్ముకోవద్దని. మాత్ర సరిగా ఇంకకపోవచ్చు.

మత్తు డాక్టర్లకు మాత్రం ఇది నిద్రపట్టనివ్వని సంగతి. ఆపరేషన్‌కు 6 గంటల ముందు నుంచి తేలికపాటి తిండి కూడా వద్దు, 2 గంటల ముందు నుంచి నీళ్లు కూడా వద్దు అన్న లెక్క మామూలు కడుపు వేగం మీద కట్టింది. ఈ సూది వేసుకున్న మనిషి ‘రాత్రి ఎనిమిదింటికి తిన్నాను డాక్టరు గారూ, ఆ తర్వాత గుక్క నీళ్లు కూడా లేవు’ అని నిజమే చెబుతాడు. గొట్టం వేసి చూస్తే అన్నం మెతుకులు. మత్తులో అవి పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. 2023 జూన్‌లో అమెరికా మత్తువైద్యుల సంఘం వారానికోసారి వేసుకునే సూదిని వారం ముందే ఆపమంది. 2024లో ఆ మాట సడలించి, అందరూ ఆపక్కర్లేదు, ఒక్కో మనిషినీ చూసి తేల్చుకోవాలని, అవసరమైతే ముందురోజంతా ద్రవాలే ఇవ్వాలని అన్నారు. ఇవన్నీ సరే, అసలు చిక్కు మనవాళ్ల దగ్గర ఉంది. సన్నబడే సూది వేసుకుంటున్నానని భర్తకే చెప్పనివాళ్లు మత్తు డాక్టరుకు చెబుతారా?

పెద్దమ్మ మాత్రం తన మందులన్నీ చెప్పింది. పోయినేడు హెర్నియా ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరు ‘ఏం మందులు వాడతారమ్మా’ అనగానే బ్లౌజులో మడిచిపెట్టుకున్న కాగితం తీసి ఇచ్చింది. మనవరాలు రాసిపెట్టిన చేతిరాత, మూడు వరసలు, ఒక్కో వరసకు ఒక్కో రంగు స్కెచ్ పెన్ను. ఆయన అది చదివి, మళ్లీ ఒకసారి చదివి, ‘ఇది నేను ఫొటో తీసుకోవచ్చా’ అన్నాడు.

కడుపు కోసి పేగులను తాకిన ఏ ఆపరేషన్ తర్వాతైనా పొట్ట కొంతకాలం అలిగి కూర్చుంటుంది. పైగా నొప్పికిచ్చే నల్లమందు జాతి సూదులు ఆ అలకను పొడిగిస్తాయి. చిన్నపేగు ఒక రోజు లోపే లేస్తుంది, కడుపు ఒకటి రెండు రోజుల్లో, పెద్దపేగు అన్నిటికంటే వెనక, రెండు మూడు రోజులకు. నోట్లో చూయింగ్ గమ్ వేసి నమలమనడం ఇప్పుడు చాలాచోట్ల ఉంది. నమిలితే తిండి వస్తోందనుకుని పేగులు లేస్తాయని. పెద్దమ్మకు ఆ వయసులో మొదటి చూయింగ్ గమ్ అదే. మింగేయకూడదని నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

రెండో రోజు సాయంత్రం రౌండ్స్‌కు వచ్చిన డాక్టరమ్మ ఛాతీ వదిలేసి తిన్నగా పొట్ట మీద స్టెతస్కోపు పెట్టింది. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. ‘ఊఁ, మొదలైంది’ అంది తనలో తాను. మూడో రోజు పొద్దున్న అదే డాక్టరమ్మ గుమ్మంలో నుంచే, వార్డంతా వినబడేలా అడిగింది:

‘అమ్మా, గ్యాస్ పోయిందా?’

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క మంచం ఆవిడే జవాబు చెప్పింది. ‘పోయిందండీ. తెల్లారుజామున నాలుగింటికి. మేమందరం విన్నాం.’